మల్లి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఒక డాబర్‌మన్ కేసు

గత నవంబర్ రెండో వారంలో ఒక సాయంత్రం, క్లినిక్ మూసే వేళకి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. హైదరాబాద్ పక్కన మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో పనిచేసే వాచ్‌మన్, ఆయన భార్య దిగారు. వెనక గోనె సంచుల మీద నల్లటి కుక్క పడుకుని ఉంది. స్ట్రెచర్ తెమ్మని మా కాంపౌండర్‌కి చెప్పేలోపే అది మెల్లగా లేచి దిగింది. నాలుగడుగులు వేసి నా దగ్గరికి వచ్చి, పక్కకి తిరిగి, ఒంటి బరువంతా నా మోకాళ్ల మీద వేసి ఒరిగి నిలబడింది. తర్వాత తూకం వేస్తే ఆ బరువు 19.6 కిలోలు. ఆ ఎత్తున్న ఆడ డాబర్‌మన్ 30 కిలోలు దాటి ఉండాలి.

"ఇది మొరగదు డాక్టరమ్మా. ఎవరొచ్చినా ఇట్లనే పోయి ఆనుకుంటది. కాపలాకి పనికి రాదని సారు ఇంకో కుక్కను తెచ్చిండు. దీన్ని మోటార్ రూమ్ ఎనక కట్టేసిండ్రు" అంది ఆమె.

అలా కట్టేసి రెండు నెలలు దాటింది. డబ్బాల తిండి కొత్త కుక్కకే వచ్చేది. తమ ఇంట్లో మిగిలిన నూకల అన్నం ఈమె తీసుకెళ్లి దీనికి పెట్టేది, అదీ వాళ్లు ఊళ్లో ఉన్న రోజుల్లోనే. రెండు రోజులుగా అది కూడా ముట్టకపోయేసరికి సొంత డబ్బుతో ఆటో మాట్లాడుకుని తెచ్చారు. వాళ్ల నెల జీతంలో ఆ కిరాయి ఎంత వంతో నాకు తెలుసు. ఈ కుక్కని దత్తత తీసుకునే ఇల్లు వెతుకుతూ ఈ కేసు గురించి రాస్తున్నాను, కానీ ఆ దంపతుల మాట ముందు చెప్పాలి. వాళ్లు ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

యజమాని దానికి పెట్టిన పేరు టైగర్ అట. ఆ పేరుతో పిలిస్తే తల కిందికి వేసుకునేది. "రా బిడ్డా" అని ఆమె అనగానే చెవులు కదిలాయి. మల్లి అన్న పేరు తర్వాత మా కాంపౌండర్ కూతురు పెట్టింది.

మొదటి రోజు చూసినవి

పళ్లను బట్టి వయసు మూడు, నాలుగేళ్లు. తోక చిన్నప్పుడే కత్తిరించారు, చెవులు మాత్రం కోయలేదు. అందుకే చూసినవాళ్లు చాలామంది "చెవులు వాలి ఉన్నాయి కదా, క్రాస్ ఏమో" అంటారు. డాబర్‌మన్ చెవులు పుట్టుకతో ఇలాగే వాలి ఉంటాయి. మనం బొమ్మల్లో చూసే నిక్కబొడుచుకున్న చెవులు కోసి, కట్టు కట్టి నిలబెట్టినవి.

జ్వరం 103.8. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టడానికి చెయ్యి పెట్టక్కర్లేదు, దూరం నుంచే కనిపిస్తున్నాయి. ఒంటి కండని 1 నుంచి 9 దాకా కొలిచే లెక్కలో 2 వేశాను. రెండు మోచేతుల దగ్గరా చర్మం కాయకట్టి, పగిలి ఉంది. ఇది సిమెంటు మీద పడుకున్న గుర్తు. డాబర్‌మన్‌కి బొచ్చు పలచన, చర్మం కింద కొవ్వు తక్కువ. గట్టి నేల ఎముకకి నేరుగా తగులుతుంది.

మెడ దగ్గర గొలుసు తీస్తే దాని కింద నైలాన్ తాడు ఒకటి ఉంది. చిన్నప్పుడెప్పుడో కట్టి మరిచిపోయినట్టున్నారు. చర్మం దాని మీదుగా పెరిగి, మెడ చుట్టూ అంగుళం వెడల్పు పుండు పడింది. మత్తు ఇచ్చే పరిస్థితి లేదు. పైన మొద్దుబారడానికి జెల్ రాసి, చిన్న కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరించి లాగాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మల్లి తన గడ్డాన్ని మా కాంపౌండర్ ముంజేతి మీద పెట్టి కళ్లు మూసుకుంది. నొప్పి పుట్టినప్పుడు మూతి తిప్పింది కానీ పళ్లు చూపలేదు. మూతికి కట్టడానికి తీసిన గుడ్డ బల్ల మీద అలాగే ఉండిపోయింది.

చెవుల్లో, కాలి వేళ్ల మధ్య పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. కుడి చెవిలోనే 37 తీశాం. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ఇన్ని పిడుదులు కలిసి ఉంటే మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది టిక్ ఫీవర్. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. హిమోగ్లోబిన్ 6.8, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 21, ప్లేట్‌లెట్స్ 38 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి ప్లేట్‌లెట్స్ రెండు లక్షలకి తక్కువ ఉండకూడదు. టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా అనే క్రిమికి చేసే కిట్ పరీక్ష పాజిటివ్. పిడుదుల వల్లే వచ్చే ఇంకో క్రిమి బబీసియా రక్తపు స్లయిడ్‌లో కనిపించలేదు. రక్తంలోని ప్రోటీన్ అల్బుమిన్ 1.9కి పడిపోయింది. కిడ్నీ విలువలు బాగానే ఉండటం ఒక్కటే ఆ రోజు ఊరట.

ప్లేట్‌లెట్స్ అంత తక్కువున్న కుక్కకి కండలో ఇంజెక్షన్ పొడవకూడదు, మెడ నరం నుంచి రక్తం తీయకూడదు. లోపల రక్తం చేరితే ఆపడం కష్టం. పైగా డాబర్‌మన్ జాతిలో వాన్ విల్లిబ్రాండ్ అనే పుట్టుకతో వచ్చే రక్తస్రావ లోపం ఎక్కువ. రెండూ కలిసి ఉంటే అన్న టెన్షన్ నాకు మొదటి వారమంతా ఉంది. ముందుకాలి నరం నుంచి తీసి, ఆ చోట గడియారం చూసి ఐదు నిమిషాలు నొక్కి పట్టుకున్నాం. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇవ్వడానికి ఒక లాబ్రడార్ యజమానిని అడిగి ఉంచాను. అంత అవసరం రాలేదు.

గిన్నెడు పెరుగన్నం

ఆ రాత్రి మల్లి గిన్నె వాసన చూసి వణికింది. మా ఆయా కరిగిపోయి, తన డబ్బాలోని పెరుగన్నం మొత్తం పెట్టబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమెకి నా మీద కోపం వచ్చింది, నాకు అర్థమైంది కూడా.

వారాల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారిగా అన్నం పడితే చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ ఎగబాకుతుంది. దాంతో రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి పరుగెత్తుతాయి. రక్తంలో వాటి మట్టం పడిపోతే ఎర్రకణాలు పగులుతాయి, గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు బలహీనపడతాయి. కుక్క ఆకలితో చావకుండా ఆగి, తిన్న మూడో రోజో నాలుగో రోజో పోతుంది. ప్రేమగా పెట్టినవాళ్లకి ఏం జరిగిందో కూడా తెలియదు. నేను కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన రోజుల్లో ఇలా ఒక కుక్కని పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఈ విషయంలో ఎవరి మొహమాటమూ చూడను.

మల్లికి విశ్రాంతిలో రోజుకి కావాల్సింది సుమారు 650 కేలరీలు. మొదటి రోజు అందులో పావు వంతు పెట్టాను. ఉడికించిన గుడ్డు, చర్మంతో ఉడికించిన కోడి మాంసం మెత్తగా చేసి, ఆరు గంటలకోసారి, గుప్పెడు కూడా నిండనంత. అన్నం లేదు. అన్నిటికన్నా ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చాం. రెండో రోజు సగానికి పెంచాం. మూడో రోజు ఫాస్ఫరస్ 2.3కి జారింది, ఉండాల్సిన మట్టానికి కాస్త కింద. పెంచడం ఆపి, సెలైన్‌లో ఫాస్ఫేట్ కలిపి ఇంకో రోజు అదే పరిమాణంలో ఉంచాం. ఐదో రోజు పొద్దున 3.1 వచ్చింది. ఆరో రోజుకి పూర్తి 650, పదో రోజు నుంచి కొద్దిగా అన్నం. ఆ రోజు పెరుగన్నం పెట్టే పని ఆయాకే అప్పగించాను.

టిక్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్ కిలోకి 10 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకి మొత్తం 200, రెండు పూటలుగా పంచి, 28 రోజులు. ఈ మాత్ర ఖాళీ కడుపున వేస్తే గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. కాబట్టి తిండి మధ్యలో పెట్టి, తర్వాత నీళ్లు తాగించాలి. జ్వరం రెండు రోజుల్లో తగ్గుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపితే జబ్బు లోపల దాక్కుని, నెలల తర్వాత ఎముక మజ్జనే ఎండగట్టే దశకి పోవచ్చు.

మెడ పుండుకి సల్ఫా మందు ఏదైనా వేద్దామా అని మా జూనియర్ అడిగింది, వద్దన్నాను. డాబర్‌మన్లకి సల్ఫా మందులు పడకపోవడం మిగతా జాతుల కన్నా ఎక్కువగా చూస్తాం. కీళ్లు వాచడం, జ్వరం, రక్తకణాలు పడిపోవడం దాకా పోతుంది. దత్తత తీసుకునేవాళ్లు ఈ ఒక్క మాట ఫోన్‌లో రాసి పెట్టుకోవాలి. పుండుని ఉప్పునీళ్లతో కడిగి, తేనె పట్టీ వేసి, రోజు విడిచి రోజు మార్చాం. మూడు వారాల్లో పూడింది. అక్కడ వెంట్రుకలు తిరిగి రాలేదు, మెడ చుట్టూ సన్నటి గీత ఉండిపోయింది.

ఏడో రోజుకి ప్లేట్‌లెట్స్ లక్షా పది వేలు, 28వ రోజుకి రెండు లక్షల నలభై వేలు. పీసీవీ 34. బరువు నెలకి 24, రెండు నెలలకి 28, ఇప్పుడు 31.2.

టీకాలు 35వ రోజు వేశాం. ప్లేట్‌లెట్స్ నిలబడ్డాక పైపెదవి లోపల చిన్న గాటు పెట్టి రక్తం ఆగే సమయం చూస్తే 3 నిమిషాల 10 సెకన్లు. నాలుగు దాటలేదు, సర్జరీకి అది చాలు. 64వ రోజు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఇంటికి ఇవ్వకముందే చేయడానికి కారణం ఉంది. మల్లి గురించి వచ్చిన మొదటి ఫోన్లలో చాలావాటిలో రెండో ప్రశ్న "పిల్లలు పెడుతుందా?" అనే.

ఇచ్చిన ఇల్లు, తిరిగి వచ్చిన రోజు

ఇప్పటిదాకా రాసింది చికిత్స. నేను తప్పు చేసింది ఆ తర్వాత.

మల్లి రెండు నెలలూ మా కాంపౌండర్ ఇంట్లో ఉంది. రెండు గదుల పోర్షన్, ఇద్దరు పిల్లలు, వాళ్ల అత్తగారు. డాబర్‌మన్ అనగానే అత్తగారు "పోలీసు కుక్కని ఇంట్లో పెడతారా?" అని మొదటి వారం వంటగది దాటి రాలేదు. మల్లి ఆమె వెంట పడలేదు. గడప అవతల, ఆమె కనిపించే చోట పడుకునేది. పదో రోజో ఏమో, ఆమె చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంటే వచ్చి గడ్డం ఆమె పాదం మీద పెట్టింది. చేట ఆగిపోయిందట. తర్వాత ఆ పాదం అరగంట కదపలేదని మా కాంపౌండర్ చెప్పాడు. ఇప్పుడు పొద్దున గుడ్డు ఉడికించేది ఆమే. తోక లేదు కాబట్టి సంతోషం వస్తే మల్లి నడుము నుంచి వెనకంతా ఊపుతుంది. ఆమె స్టవ్ వెలిగించే చప్పుడుకే అది మొదలవుతుంది.

జనవరి చివర్లో ఒక మంచి కుటుంబం వచ్చింది. సొంత ఇల్లు, ప్రహరీ గోడ, పెద్ద పెరడు, డబ్బుకి లోటు లేదు, పిల్లలు ముచ్చటపడ్డారు. ఇంతకు ముందు కుక్కని పెంచిన అనుభవం కూడా ఉంది. వాళ్లని నేను అడగాల్సినవన్నీ అడిగాననుకున్నాను. తిండి, టీకాలు, వాకింగ్, ఊరెళ్తే ఎవరు చూస్తారు, అన్నీ. 78వ రోజు పంపాను.

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. రాత్రంతా ఏడుస్తోంది, గేటు గ్రిల్ కొరికేస్తోంది, పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. వెళ్లి చూస్తే పగలు ఇంట్లోనే తిరగనిస్తున్నారు, రాత్రి పది కాగానే గేటు దగ్గర కట్టేస్తున్నారు. వాళ్లకి అందులో తప్పు కనిపించలేదు. కుక్క రాత్రి బయట ఉండటం వాళ్ల తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. మల్లి ముందు కాళ్ల రెండు గోళ్లు విరిగి రక్తం గడ్డకట్టి ఉంది. కింది పళ్ల అంచులు గ్రిల్‌కి అరిగాయి. మెడ గీత మీద బెల్టు ఒరిసి మళ్లీ ఎర్రబడింది. నన్ను చూసి గెంతలేదు, అరవలేదు. వచ్చి మోకాళ్లకి ఆనుకుని నిలబడింది, మొదటి రోజులాగే.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది అని నేను అడగలేదు. ఇంతటి ఇంట్లో అడగక్కర్లేదనుకున్నాను.

ఈ జాతి ఎలా పుట్టిందో తెలిస్తే ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డా అనే ఊళ్లో లూయీ డాబర్‌మన్ అనే ఆయన పన్నులు వసూలు చేసేవాడు. డబ్బు సంచితో ఒంటరిగా తిరగాలి కాబట్టి తన పక్కన నడిచే కుక్క కావాలని ఈ జాతిని తయారుచేశాడు. ఆయనకి కావాల్సింది మనిషిని వదలని కుక్క. ఆ వదలకపోవడం ఇన్ని తరాలుగా వీటి రక్తంలో ఉంది. గోడ అవతల కట్టేసిన డాబర్‌మన్ కొన్నిసార్లు కరుకుగా మారుతుంది, కొన్నిసార్లు మల్లిలా తనని తానే గాయపరుచుకుంటుంది. మొదటి రకాన్ని చూసి జనం దీన్ని ప్రమాదకరమైన జాతి అంటారు. నా 15 ఏళ్ల ప్రాక్టీసులో కరిచిన డాబర్‌మన్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మెడ మీద గొలుసు ముద్రతోనే వచ్చాయి.

ఒంటరిగా ఉండటం నేర్పించడం

తిరిగి వచ్చాక మల్లి బాత్రూమ్ తలుపు మూసినా వణికేది. మందులతో మొదలుపెట్టాలా అని ఆలోచించి, ముందు అలవాటుతో ప్రయత్నిద్దామనుకున్నాం. మా కాంపౌండర్ చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి కూర్చునేవాడు, అంతే. అది లేవకుండా చూస్తూ ఉండే దాకా మూడు రోజులు పట్టింది. తర్వాత తలుపు తీసి మూయడం. తర్వాత అవతల 5 సెకన్లు, 20 సెకన్లు, ఒక నిమిషం. వణుకు కనిపించిన రోజు ముందు రోజు లెక్కకి దిగిపోవడం. వెళ్లేటప్పుడు ముద్దు చేయకూడదు, వచ్చినప్పుడు హడావుడి చేయకూడదు. పిల్లలకి ఇదే కష్టమైంది. బడి నుంచి వచ్చి బ్యాగు పెట్టి, నీళ్లు తాగి, అప్పుడు దాని దగ్గర కూర్చోవడం వాళ్లు నేర్చుకున్నారు.

11 రోజుల దగ్గర ఒకసారి పూర్తిగా వెనక్కి పోయింది. పక్క వీధిలో పెళ్లి బాణసంచా కాల్చారు. మళ్లీ చెప్పుల దగ్గర నుంచి మొదలుపెట్టాం. ఏప్రిల్ మధ్యకి వచ్చేసరికి పగటి పూట మూడు గంటలు నిద్రపోతూ ఒంటరిగా ఉండగలుగుతోంది. దానికి మించి ఇంకా పరీక్షించలేదు.

రాత్రి మాత్రం పిల్లల మంచం పక్కన, వాళ్ల పాత బొంత మీద పడుకుంటుంది. అక్కడ ఒక్కసారి కూడా లేచి ఏడవలేదు.

ఎవరికి ఇస్తాం

కాంపౌండర్ ఇంట్లో శాశ్వతంగా ఉంచలేం. ఇంటి ఓనర్ జూన్ దాకా గడువిచ్చారు, అదే ఎక్కువ. కాగితాల సంగతి ఎప్పుడో పూర్తయింది. కుక్కని వదులుకుంటున్నానని పాత యజమాని సంతకం చేసి ఇచ్చాడు. పొట్టి గొలుసుతో కట్టేయడం, వదిలేసి ఆకలికి గురిచేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరమే. కానీ ఆ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. నాకు మల్లి చేతికి రావడం ముఖ్యం, సంతకం తీసుకుని ఊరుకున్నాను.

పెద్ద ఇల్లు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ అయినా సరే. అసోసియేషన్లు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. ఇంట్లో పగలు ఎవరో ఒకరు ఉండే కుటుంబం కావాలి. రిటైరైనవాళ్లయినా, ఇంటి నుంచి పనిచేసేవాళ్లయినా మంచిదే. ఐదేళ్లు దాటిన పిల్లలు ఉండవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లు వద్దనడం మల్లి స్వభావం వల్ల కాదు, 31 కిలోలు ప్రేమగా ఆనుకుంటే పసివాళ్లు పడిపోతారు. వేరే కుక్కలతో కలుస్తుంది. పిల్లులతో చూడలేదు.

వేసవిలో పొద్దున ఏడులోపు, చీకటి పడ్డాక నడక. చలికాలం స్వెట్టర్ తప్పదు. తిండి రెండు పూటలుగా పెట్టి, తిన్న గంట దాకా పరుగెత్తించకూడదు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట బిగుసుకుని, వాంతి రాకుండా వాంతి చేసుకోబోతుంటే అర్ధరాత్రయినా బయల్దేరాలి.

గుండె గురించి దాచకుండా చెప్పాలి. గుండె కండరం సాగి బలహీనపడే డీసీఎం అనే జబ్బు డాబర్‌మన్లలో చాలా ఎక్కువ. యూరప్‌లో చేసిన ఒక పెద్ద పరిశీలనలో సగానికి పైగా కుక్కల్లో కనిపించింది. బయటికి ఏ లక్షణమూ లేకుండా ఏళ్లు గడిచి, ఒకరోజు కుప్పకూలవచ్చు. మల్లికి 50వ రోజు ఎకో, ఈసీజీ తీయించాం, రెండూ బాగున్నాయి. కానీ అది ఈ ఏడాది మాటే. ఏటా తీయించాలి, వీలైతే 24 గంటల పాటు గుండె లయని నమోదు చేసే హోల్టర్ కూడా. ముందే పట్టుకుంటే పైమోబెండాన్ అనే గుండె మందుతో మంచి రోజుల్ని పొడిగించగలం. ఆ ఖర్చుకి సిద్ధపడినవాళ్లే ముందుకు రావాలి.

ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది అన్నదే. "హాల్లో", "మా గదిలో" అన్న తర్వాతే మిగతావి మాట్లాడతాను. "వరండాలో, కానీ ఫ్యాన్ ఉంది" అన్న ముగ్గురికి ఈ నెలలో ఇవ్వలేనని చెప్పాను.

ఇష్టపడినవాళ్లు రెండుసార్లు వచ్చి చూడాలి, ఇంట్లో అందరూ. రెండోసారి వచ్చేటప్పుడు మీరు రెండు రాత్రులు కప్పుకున్న పాత బొంతో దుప్పటో ఉతక్కుండా తీసుకురండి. వారం రోజులు దాన్ని మల్లి కింద పరుస్తాం, మీ వాసనకి అలవాటు పడుతుంది. ఇంటికి తీసుకెళ్లిన రాత్రి దాన్నే మీ మంచం పక్కన నేల మీద వేయండి. అది వాసన చూసి రెండు సార్లు తిరిగి పడుకున్నాక, ఆ బరువు మీ చేతికి ఆనేలా చెయ్యి కిందికి వేలాడదీసి ఉంచండి.